గునపం మొదట్లో బిందెడు నీళ్లు

ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో మా ఎలక్ట్రికల్ సార్ అడిగిన మొట్టమొదటి ప్రశ్న చాలా చిన్నది. బల్బు వెలగాలంటే ఎన్ని తీగలు కావాలి?

అరవై మంది ఉన్న క్లాసులో ఎవరూ పలకలేదు. ఇంత తేలిక ప్రశ్నలో ఏదో మెలిక ఉండే ఉంటుందని అందరికీ అనుమానం. నాకు మెలికలు తట్టవు. చెయ్యెత్తి నిలబడి, "ఒకటి చాలు సార్" అన్నాను.

సార్ కాసేపు నా వైపు చూశారు. "అంటే అమ్మా, మీ ఊళ్లో కరెంటు బయల్దేరి వెళ్లడమేగాని మళ్లీ ఇంటికి రాదన్నమాట" అన్నారు.

క్లాసంతా నవ్వింది. నా పక్కన కూర్చున్న చీరాల అమ్మాయి అందరికంటే గట్టిగా నవ్వింది. నవ్వినప్పుడు కూర్చుంటే సరిపోయేది. నేను కూర్చోలేదు. "మా చేలో ఒక్క తీగతోనే వెలుగుతుంది సార్. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను" అన్నాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం అనుకున్నారేమో, ఆయన బోర్డు వైపు తిరిగి రెండు తీగలు గీశారు. వెళ్లేది ఒకటి, వచ్చేది ఒకటి. ఆ రోజు నుంచి సెలవులిచ్చేదాకా క్లాసులో నా పేరు "ఒకతీగ". అసలు పేరుతో పిలిచింది హాజరు పట్టీ ఒక్కటే.

నేను అబద్ధం చెప్పలేదు. మార్టూరు నుంచి గ్రానైటు పలకలు మోసుకెళ్లే లారీలు తిరిగే రోడ్డు దిగి, రెండు మైళ్లు లోపలికి నడిస్తే మా చేను వస్తుంది. మూడెకరాలు. రెండెకరాల్లో మిరప, ఎకరంలో పత్తి. గట్టు మీద మోటారు షెడ్డు, దాని ముందు మిరపకాయలు ఎండబోసే కల్లం. మోటారుకు మూడు తీగలు వస్తాయి. మూడూ ఫేజులే, మూడింట్లోనూ కరెంటే. బల్బుకు కావలసిన తిరుగుదారి తీగ వేరే ఉంటుంది, దాన్ని న్యూట్రల్ అంటారు. అది మా చేలదాకా రాలేదు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరే ఆగిపోయింది. మోటారుకు దానితో పని లేదు కాబట్టి ఎవరూ దాన్ని లాగలేదు.

మిరపకు మాత్రం వెలుతురు కావాలి. కల్లంలో ఎండిన కాయల్లోంచి రంగు పోయిన తాలుకాయల్ని ఏరెయ్యాలి. ఎండెక్కాక ఏరితే కాయ పెళపెళమని చిట్లి గింజ రాలిపోతుంది. అందుకని తెల్లవారకముందు మంచు పదును మీద కాసేపు, పొద్దువాలాక కాసేపు ఏరుతారు. ఎర్ర కాయలో తాలుకాయ కనిపించాలంటే చిన్నాచితకా దీపం చాలదు. రెండొందల వాట్ల బల్బు ఉండాలి.

మా చుట్టుపక్కల రైతులు చేసే పనే మా నాన్నా చేశాడు. ఒక ఫేజు తీగ తెచ్చి బల్బుకిచ్చాడు. బల్బు రెండో కొసనుంచి ఒక తీగ తీసి గునపానికి చుట్టాడు. ఆ గునపాన్ని కల్లం గట్టున రెండు మూరల లోతు భూమిలోకి దిగగొట్టాడు. బల్బు వెలిగింది. గునపంలోంచి నేలలోకి దిగిన కరెంటు ట్రాన్స్‌ఫార్మరు దాకా ఏ దారిన పోయేదో ఎవరికీ పట్టలేదు. అది దాని తంటా.

మాది నల్లరేగడి. తడిస్తే బంకలా పట్టుకుంటుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. మాఘం దాటేసరికి గునపం చుట్టూ మట్టి విడిపోయేది. కదిలే పన్ను లాగా గునపం ఆ నెర్రెలో వదులుగా నిలబడేది. అప్పుడు బల్బు మసకబారేది. కూలీలు, "అమ్మా, కంటికి ఆనటల్లా" అని కేకేసేవాళ్లు. అమ్మ బిందెతో వెళ్లి గునపం మొదట్లో నీళ్లు పోసేది. నీళ్లు లోపలికి దిగాలని గునపాన్ని ఒక చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపేది. బల్బు చూస్తుండగానే తెల్లగా మెరిసేది. దీపానికి నూనె పోసినట్టు మా కల్లంలో బల్బుకు నీళ్లు పోసేవాళ్లం.

పోసేవాళ్లం అన్నానుగాని, పోసింది అమ్మే. నాన్న ఎప్పుడూ పొయ్యలేదు. నీళ్లు మొయ్యడం ఆడవాళ్ల పని కింద జమ. నాకు మాత్రం పొయ్యాలని ఆశగా ఉండేది. ఇక్కడ నీళ్లు పోస్తే అక్కడ దీపం వెలగడం కంటే గొప్ప ఆట ఏ పిల్లకి దొరుకుతుంది? ఎనిమిదేళ్లప్పుడు ఒకసారి అమ్మ చూడకుండా చెంబు తీసుకుని వెళ్లాను. గునపం మీద చెయ్యి వెయ్యబోతుండగా అమ్మ ఎక్కణ్నుంచి వచ్చిందో, వీపు మీద ఒక్కటి చరిచింది. "నీకు రాదు. ఇటు రామాక" అంది. కూలీలందరి ముందూ. నీళ్లు పొయ్యడం కూడా రానిదాన్నా నేను? ఆ మాట చాలా ఏళ్లు నాలో ఉండిపోయింది. ఆ తర్వాత అమ్మ బిందె ఎత్తిన ప్రతిసారీ నేను మొహం తిప్పుకునేదాన్ని.

అప్పుడప్పుడు అన్నం తినేటప్పుడు అమ్మ, "ఇయ్యాల గునపం చురుక్కుమందయ్యా" అనేది. నాన్న సంతోషించేవాడు. "చురుక్కుమంటే ఎర్తు బాగా అందుకున్నట్టే" అనేవాడు. ఇది ఆయనొక్కడి సిద్ధాంతం కాదు. మా చేల వైపు అందరి నమ్మకమూ అదే. కుట్టని గునపాన్ని పీకి, కుట్టే చోటు వెతికి పాతుకున్నవాళ్లను నాకు తెలుసు.

నేను ఎలక్ట్రికల్‌లో చేరడానికి గొప్ప కారణం ఏమీ లేదు. నా ర్యాంకుకు కంప్యూటర్ల సీటు ఎక్కడా రాలేదు. "కరెంటు చదువైతే నయమేలే, మోటారు కాలినప్పుడల్లా మెకానిక్కు కాళ్లు పట్టుకోకుండా మనమే చూసుకోవచ్చు" అని నాన్న తేల్చాడు. అమ్మ మాత్రం, "ఆడపిల్ల స్తంభాలెక్కాలా ఏందే?" అని ఒక్క ప్రశ్న అడిగి, అక్కర్లేదని నేను చెప్పాక నిమ్మకాయ పచ్చడి జాడీ కట్టడానికి లేచింది.

మొదటి ఆర్నెల్లు నాకు ఏమీ అర్థం కాలేదు. ఒక కూడలిలోకి ఎంత కరెంటు వస్తే అంతా బయటికి పోవాలి. ఒక చుట్టు తిరిగి మొదటికి వస్తే వోల్టులన్నీ కలిపి సున్నా కావాలి. ఈ రెండు సూత్రాల మీదే సార్ నెలల తరబడి బోర్డు నింపారు. బోర్డు మీద గళ్లు గళ్లుగా బొమ్మలు గీసి, ప్రతి గడిలోనూ ఒక బాణం గుర్తు తిప్పి, సమీకరణాలు రాసేవారు. నేను లెక్కలన్నీ బట్టీపట్టాను. అంకె మారితే చాలు, నా బట్టీ తెల్లమొహం వేసేది. మొదటి పరీక్షలో ముప్పైకి తొమ్మిది వచ్చాయి.

హాజరు పట్టీలో పక్కపక్క నంబర్లు కావడంతో ల్యాబులో నాకు జత కలిసింది ఆ చీరాల అమ్మాయే. మొదటి రోజు నవ్వు మీద కోపంతో నెలలపాటు ఆమెతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. నా కోపాలు అంత త్వరగా చల్లారవు. వాళ్లది నేత ఇల్లు. ఒకరోజు నేను చుట్టు సూత్రంతో కుస్తీ పడుతుంటే చూసి, "ఇంతసేపేంటే? నాడె అటెళ్లి ఇటు రాకపోతే గుడ్డెట్టా అవుద్ది?" అంది. మగ్గం మీద నూలు పట్టుకుని అటూ ఇటూ పరిగెత్తే నాడె వెళ్లినచోటే ఉండిపోతే నేత ఆగిపోతుంది. కరెంటూ అంతే. బట్టీపట్టకుండా నాకు అర్థమైన మొదటి సంగతి అది. ఆ రోజుతో ఆమె మీద కోపం పోయింది.

అప్పట్నుంచి నన్ను ఒక ప్రశ్న పట్టుకుంది. నాడె తిరిగి రావాల్సిందే అయితే, మా చేలో అది నేలలోంచే తిరిగి వస్తుండాలి. పుస్తకంలో భూమికి ఒక గుర్తు ఉంటుంది. ఒకదాని కింద ఒకటి కురచవుతూ పోయే మూడు అడ్డగీతలు. ఆ గుర్తు ఎక్కడుంటే అక్కడ సున్నా వోల్టులని రాసుకోవాలి. క్లాసయ్యాక సార్ దగ్గరికి వెళ్లి, "భూమి ఎప్పుడూ సున్నానేనాండీ?" అని అడిగాను.

"అది మనం పెట్టుకున్న లెక్కమ్మా. కొలవడానికి ఎక్కడో ఒకచోట సున్నా అనుకోవాలి కదా" అన్నారు.

మంచి జవాబే. కానీ అప్పుడు నాకు అందులోని "అనుకోవాలి" వినపడలేదు. సున్నా అని రాసుకుని వచ్చేశాను.

మార్చిలో ఒక మధ్యాహ్నం ల్యాబులో ఒక ప్రయోగం చేయించారు. బల్లమీద ఒక రెండొందల వాట్ల బల్బు. దానితో వరసలో ఒక రియోస్టాట్, అంటే పైనున్న పిడిని జరిపితే నిరోధం పెరిగే పొడవాటి తీగచుట్ట. పిడిని జరుపుతూ, చుట్ట మీద ఎన్ని వోల్టులు పడుతున్నాయో మీటరు చూసి రాసుకోవాలి. నేను జరుపుతున్నాను, చీరాల అమ్మాయి రాస్తోంది. పిడి జరిగేకొద్దీ బల్బు మసకబారింది. తెలుపు పోయి పసుపు, పసుపు పోయి ఎరుపు. ఆ ఎరుపు నాకు బాగా తెలిసిన ఎరుపు. కూలీలు కంటికి ఆనటల్లేదని కేకలు వేసే ఎరుపు. అమ్మ బిందె ఎత్తే ఎరుపు.

మీటరు వైపు చూశాను. చుట్ట మీద నూట పది వోల్టులు.

చుట్ట అంటే మా నెర్రెలిచ్చిన నేల. పిడి జరగడమంటే నేల ఎండిపోవడం. బల్బు బాగా వెలుగుతున్నప్పుడు నేల వాటా తక్కువ. బల్బు మసకబారిందంటే దాని వాటాలోంచి పోయిన వోల్టులు ఎక్కడికీ పోలేదు, గునపం మీదికి వచ్చి కూర్చున్నాయి. గునపం మీద కరెంటు బాగా ఎక్కినప్పుడే, సరిగ్గా అప్పుడే, మా అమ్మ వట్టికాళ్లతో వెళ్లి దాన్ని చేత్తో పట్టుకుంటుంది. పదేళ్లకు పైగా పట్టుకుంటోంది.

నాకు భయమేసింది. పక్కనున్న అమ్మాయి, "ఎంతో చెప్పవే, రాసుకుంటా" అంటోంది. నేను స్విచ్చి తీసేసి వరండాలోకి వెళ్లి ఇంటికి ఫోన్ చేశాను. నాన్న ఎత్తాడు. కల్లంలో ఉన్నానన్నాడు. ఈసారి కాపు ఆలస్యమైంది, ఆకాశం మబ్బుగా ఉంది, వానొచ్చేలోపు ఏరి బస్తాలకెత్తాలని తొందరలో ఉన్నాడు.

"నాన్నా, అమ్మని గునపం ముట్టుకోవద్దని చెప్పు."

"ఏ గునపం?"

"బల్బు గునపం. ప్రాణాలు పోతాయి నాన్నా."

నాన్న నవ్వాడు. "పదేళ్లబట్టీ పోని పేణం ఇయ్యాల పోద్దా? చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే. పరీక్షలు చూసుకో ముందు" అని పెట్టేశాడు.

నేను సార్ గదికి వెళ్లాను. చెప్పింది విని ఆయన కాగితం మీద బొమ్మ గీశారు. ఫేజు, బల్బు, గునపం, నేల. గునపం దగ్గర ఒక మనిషిని గీశారు. పెన్ను పక్కన పెట్టారు. "మొదటి రోజు నువ్వు చెప్పింది ఇదా?" అన్నారు. అవునన్నాను. "నేనే ఇంకో రెండు ప్రశ్నలు వెయ్యాల్సింది" అన్నారు. బీరువాలోంచి మల్టీమీటరు తీసి ఇచ్చారు. ఎప్పుడు తిరిగివ్వాలో చెప్పలేదు. గుమ్మం దాకా వచ్చి మాత్రం ఒక మాట చెప్పారు. "వెళ్లగానే ఫ్యూజు పీకు. వాదన తర్వాత పెట్టుకో. ముందు ఫ్యూజు."

బస్సులో కూర్చుని పుస్తకం వెనక అట్ట మీద లెక్క వేశాను. అమ్మ ఇన్నాళ్లూ ఎలా బతికి ఉందో లెక్కలో కనపడింది. గునపం మీది వోల్టులు ఒక్కసారిగా సున్నాకు పడిపోవు, నేలలో అడుగడుగుకూ తగ్గుతూ పోతాయి. అమ్మ కాళ్లు గునపానికి దగ్గరగా ఉండటంతో చేతికీ కాళ్లకూ మధ్య తేడా కొంతే ఉండేది. పైన పొడిమట్టి కొంత అడ్డుపడేది. అదీ లెక్క. ముందు నీళ్లు పోసి, ఆ తడిలో కాళ్లు పెట్టి ఊపితే ఆ అడ్డు పోతుంది. బల్బు హోల్డరులో రెండు తీగలు ఒకదానికొకటి తగిలిన రోజున గునపం మీద ఉండేది నూట పది కాదు, రెండొందల ముప్పై. అలా తగలడానికి ఒక ఉడత చాలు. ఈ లెక్క తప్పయితే బాగుండునని మళ్లీ వేశాను. జీవితంలో మొదటిసారి నా లెక్క రెండుసార్లూ ఒకే జవాబు ఇచ్చింది.

చేనుకు చేరేసరికి పొద్దు వాలింది. కల్లంలో ఆరుగురు కూలీలు కాయల గుట్ట చుట్టూ కూర్చుని ఏరుతున్నారు. బల్బు ఎర్రగా ఉంది. అమ్మ బిందె చంకనెత్తుకుని గునపం వైపు నడుస్తోంది.

"అమ్మా, ఆగు!" అని అరిచాను. అమ్మ ఆగింది. పిలవని పేరంటానికి వచ్చినట్టు నేను పరీక్షల ముందు ఎందుకు ఊడిపడ్డానో ఎవరికీ అర్థం కాలేదు.

అప్పుడు నేను చెయ్యాల్సింది ఒక్కటే. షెడ్డు పది అడుగుల దూరం. లోపలికి వెళ్లి ఫ్యూజు పీకడం. నేనది చెయ్యలేదు. ఫోన్లో నాన్న నవ్విన నవ్వు ఇంకా చెవిలో ఉంది. క్లాసు నవ్విన నవ్వూ అందులో కలిసింది. నాకు గెలవాలని ఉంది. మీటరు తీశాను.

ఒక పొడవాటి తీగ కొసకు స్క్రూడ్రైవరు కట్టి, ఇరవై అడుగుల దూరంలో తడిగా ఉన్న మిరప బోదెలో గుచ్చాను. రెండో కొసను మీటరుకు తగిలించి, మీటరు ఇంకో తీగను గునపానికి ఆనించాను. నూట నాలుగు. "చూడు నాన్నా, మన గునపం మీద నూట నాలుగు వోల్టులున్నాయి" అన్నాను. నాన్న మీటరును అటూ ఇటూ తిప్పి చూశాడు. "అయితే నీళ్లు పోస్తే?" అన్నాడు. దూరం నుంచే బిందె వంచి పోశాను. బల్బు తెల్లబడింది. మీటరు నలభై ఎనిమిదికి దిగింది.

"తగ్గిందిగా!" అన్నాడు నాన్న గెలిచినవాడిలా. "అంటే మీ అమ్మ చేసే పనే సరైందని మీ మీటరే చెబుతుంది. ఇంకో బిందె పొయ్యండి, ఇంకా తగ్గుద్ది."

తర్కంలో తప్పు లేదు. అదే నాకు మండింది. సార్ ఇచ్చిన మీటరును నాన్న తన వైపు సాక్షిగా తిప్పుకున్నాడు. నేను గొంతు పెంచాను, ఆయనా పెంచాడు. మా ఇంట్లో మామూలు మాటే నాలుగు చేల అవతలికి వినపడుతుంది, ఇక గొడవ సంగతి చెప్పక్కర్లేదు. కూలీలు చేతులు ఆపేసి చూస్తున్నారు. మబ్బు మీదికొస్తోంది, కాయ నేల మీద ఉంది, దీపం ఆర్పితే ఎట్టా అని ఆయన. చచ్చాక కాయ ఎవరికి అని నేను. అమ్మ రెండో బిందె నింపుకొచ్చి మా ఇద్దరి మధ్య నిలబడింది.

"పదేళ్లబట్టీ మీ అమ్మ పట్టుకుంటంది. ఏమయింది? చెప్పు, ఏమయింది?" అన్నాడు నాన్న.

"అయితే ఒక్కసారి నువ్వు పట్టుకో" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. అంత లెక్క వేసుకుని వచ్చి, అంతా తెలిసి, తెలియని మనిషిని పట్టుకోమన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే నామీద నాకు అసహ్యం వేస్తుంది. నాన్న పౌరుషం గల మనిషి. కండువా భుజం మీదికి విసురుకుని, అప్పుడే పోసిన నీళ్లలో కాలు పెట్టి, గునపం మీదికి చెయ్యి చాచాడు.

బిందె నేలమీద పడిన చప్పుడు వినపడింది. అమ్మ రెండు చేతులతో నాన్న మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది. లాగిన ఊపుకు ఇద్దరూ తూలారు.

"వద్దయ్యా! అది కొరుకుద్ది!"

అమ్మ అంత గట్టిగా అరవడం నేను అంతకుముందు వినలేదు. నాన్న చెయ్యిని ఆమె ఇంకా వదల్లేదు.

నాన్న అమ్మ మొహం వైపు చూశాడు. గునపం వైపు చూశాడు. మళ్లీ అమ్మ చేతుల వైపు చూశాడు. "కొరుకుద్దా?" అని మెల్లగా అడిగాడు. నాన్న చెయ్యి విడిపించుకుని షెడ్డులోకి వెళ్లి ఫ్యూజు పీకాడు. నా మీటరు చెయ్యలేని పని అమ్మ అరుపు చేసింది.

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. ఆ ఏడు ఉన్న వెలుతురులోనే ఏరారు. సగం కాయ మీద పట్టా కప్పారు. వాన నాలుగు చినుకులు రాల్చి పోయింది. మరుసటి ఏడు నాన్న కల్లానికి సోలారు దీపం పెట్టించాడు. మిణుగురు పురుగు పాటి వెలుగు లేదని ఈనాటికీ దాన్ని తిడతాడు, కానీ పక్క చేలవాళ్లు గునపాలు పాతుతుంటే వెళ్లి కేకలేసేది కూడా ఆయనే. వాళ్లకు ఏం చెబుతాడో ఒకసారి విన్నాను. వోల్టుల మాట ఎత్తలేదు. "మీ ఆడాళ్లని అడగండి రా ముందు" అన్నాడు. సెమిస్టరు పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి. సార్ తర్వాతి బ్యాచ్‌లకు కూడా ఆ మొదటి ప్రశ్న అడిగేవారట. ఎవరైనా ఒకటి అంటే నవ్వనివ్వకుండా, "ఎక్కడ చూశావు?" అని అడిగేవారని విన్నాను.

ఆ సాయంత్రానికి వస్తాను. కూలీలు చీరలు దులుపుకుని లేచి వెళ్లిపోయారు. నాన్న పట్టా తేవడానికి ఊళ్లోకి వెళ్లాడు. నాన్న పీకి ఇచ్చిన ఫ్యూజు నా జేబులో ఉంది. నేను గునపం పీకి గట్టు మీద పడేశాను. మట్టి అంటుకున్న మామూలు ఇనుము. అమ్మ పక్కన కూర్చుని కుడిచెయ్యి భుజం దాకా నిమురుకుంటోంది. అది ఆమె అలవాటనుకునేదాన్ని ఇన్నాళ్లూ. అందరి అమ్మలకూ ఎక్కడో ఒకచోట నొప్పి ఉంటుందిగదా అనుకునేదాన్ని.

"ఎప్పట్నుంచి కొరుకుతోందమ్మా?"

"మొదట్నుంచీ."

"చెప్పొచ్చుగా."

"చెప్పా. చురుక్కుమంటంది అంటే మీ నాన్న బాగా అందుకుంది అన్నాడు."

"నన్ను ఆ రోజు కొట్టింది అందుకా? చెంబు తీసుకుని వచ్చినప్పుడు."

అమ్మకు ఆ సంగతి గుర్తు రావడానికి కొంతసేపు పట్టింది. నేను పదేళ్లు మోసిన దెబ్బ ఆమెకు గుర్తు కూడా లేదు.

"మరి? కొరికేదాని దగ్గరికి బిడ్డని ఎట్టా రానిస్తానే?" అంది.

"నువ్వెందుకు వెళ్లావు మరి?"

అమ్మ కిందపడ్డ బిందె తీసుకుని, సొట్ట ఎక్కడ పడిందో వేళ్లతో తడుముకుంటూ చూసింది.

"ఎవరో ఒకరు పొయ్యాలిగా" అంది.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. అమ్మ ఓదార్చలేదు, ఎందుకని కూడా అడగలేదు. సొట్ట బిందె నా చేతికిచ్చి, తొట్టి దగ్గర కడిగి తెమ్మంది.